నలభై ఒక్క గడుల నిజాయితీ

ఫిబ్రవరి పదకొండో తేదీ ఉదయం పదీ ఇరవైకి గంటలపాలెం విశ్రాంత ఉద్యోగుల సంఘం కార్యాలయానికి ఒక గులాబీ రంగు కరపత్రం అందింది. "డబ్బీరు నరహరిరావు అనే నేను నిజాయితీపరుణ్ని. ఏ వర్గానికీ చెందని స్వతంత్రుణ్ని. కనుక నన్నే అధ్యక్షుడిగా ఎన్నుకోండి" అని అందులో ఉంది. ఇలాంటి కాగితం మామూలు మనుషుల చేతికొస్తే వేరుశనక్కాయలు పోసుకుంటారేమో. నేను ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ని. కాగితం లోపలికి వచ్చిందంటే దానికి నంబరు పడాలి. నంబరు పడితే ఫైలు తెరవాలి. ఫైలు తెరిచాక ఏదో ఒక చర్య తీసుకోవాలి. తీసుకోకపోతే ఆ కాగితాన్ని మనం చిన్నచూపు చూసినట్టు.

నేను నంబరు వేశాను. తర్వాత జరిగినదంతా ఆ నంబరు వల్లే జరిగిందని మా ఇంట్లో అంటారు. ఆడవాళ్లకు ఆఫీసు పద్ధతులు తెలియవని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ని.

మా సంఘానికి నూట పన్నెండుమంది సభ్యులు, ఒక హాలు, వెనకాల ఒక గది ఉన్నాయి. హాలు మునిసిపాలిటీది. ముందు భాగంలో మగవాళ్లం కూర్చుని పేపరు చదువుతాం. ఇంట్లో ఎవరికీ అడ్డం తగలకుండా పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా గడపడానికి మాకు ఆ ఊళ్లో ఉన్న చోటు అదొక్కటే. వెనక గదిలో మంగళ, శుక్రవారాల్లో పొట్నూరి వరహాలమ్మ కూర్చుంటుంది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్తల పింఛను తీసుకునే ఆడవాళ్లు యాభైమంది దాకా ఆ గదికి వస్తారు. ఆవిడ వాళ్లకు బీపీ చూస్తుంది, కాగితాలు నింపిపెడుతుంది, ఏడిస్తే వింటుంది. ఆ ఆడవాళ్లకు వెళ్లడానికి వేరే చోటు లేదు.

హాలు ఒప్పందం మార్చి ముప్ఫై ఒకటితో అయిపోతోంది. ఆ రోజు సాయంత్రం ఐదు లోపల సంఘానికి ఎన్నికైన అధ్యక్షుడు స్వయంగా వచ్చి సంతకం పెడితే మళ్లీ ఐదేళ్లు మాదే. పెట్టకపోతే దరఖాస్తు పెట్టుకున్న మరెవరికైనా ఇచ్చేస్తామని మునిసిపాలిటీవారు రాశారు. పాత అధ్యక్షుడు ధనుర్మాసంలో కాలం చేశారు. అందుకని ఎన్నిక. ఎన్నికల అధికారిని నేను. ఎన్నికల కమిటీలో ఉన్న ఒకే ఒక్క సభ్యుడు సీపాన అప్పన్న, రిటైర్డు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు.

నామినేషన్లు రెండు వచ్చాయి. ఒకటి నరహరిరావుది. సహకార శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, ఉత్తరీయం లేకుండా బయటికి రాడు. రెండోది వరహాలమ్మది. "ఎందుకు పోటీ చేస్తున్నారు" అన్న చోట ఆవిడ "హాలు కాగితం మీద సంతకం పెట్టడానికి" అని ఒక్క ముక్క రాసింది. ఆదర్శాలేమీ లేవు. నాకు కొంచెం నిరాశ కలిగింది.

గులాబీ కాగితాన్ని కమిటీ ముందు పెట్టాను. అప్పన్న కళ్లజోడు పైకెత్తి చదివాడు.

"ఆయన నిజాయితీపరుడని ఆయనే సెప్పుకుంటే సరిపోద్దేటండి?" అన్నాడు. "నేను బతికే ఉన్నానని నేను సెప్తే గవర్నమెంటు నమ్మతందేటి? ఏటేటా సర్టిఫికెట్టు అడగతంది గదా. బతికుండటానికే సర్టిఫికెట్టు కావాలంటే, నిజాయితీకి అక్కర్లేదా?"

ఇంత పకడ్బందీ వాదం నేను సర్వీసులో కూడా వినలేదు. వెంటనే తీర్మానం రాశాం. అధ్యక్ష పదవికి పోటీ చేసే ప్రతి అభ్యర్థీ తన నిజాయితీని, స్వతంత్రతను తగిన ధ్రువపత్రాలతో రుజువు చేయవలెను. వరహాలమ్మ తాను నిజాయితీపరురాలినని ఎక్కడా అనలేదు కదా అని అప్పన్నకు చిన్న సందేహం వచ్చింది. ఇద్దరినీ సమానంగా చూడటం సహజ న్యాయమని సర్దిచెప్పాను.

ఫారం నేనే తయారుచేశాను. వారం రోజులు పట్టింది. నలభై ఒక్క గడులు వచ్చాయి. ఐదో గడి: నిజాయితీ ఎప్పటి నుంచి? పుట్టుకతోనా, ఉద్యోగంలో చేరాకా, రిటైరయ్యాకా? ఆరో గడి: మధ్యలో విరామం ఏమైనా ఉన్నదా? ఉన్నచో సెలవు మంజూరు ఉత్తర్వు జతపరచవలెను. తొమ్మిదో గడి: ఇప్పటివరకు చెప్పిన అబద్ధాలు; లేనిచో లేవు అని రాయవలెను. ఇరవై ఆరో గడి: స్వతంత్రత పూర్తిగానా, పాక్షికంగానా? ముప్ఫయ్యో గడి: ఎవరి మీదనైనా ఆధారపడుచున్నారా? మూడు ప్రతులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు రెండు. ఫొటోలో ముఖం నిజాయితీగా కనిపించాలని రాయబోయి, అది అతి అవుతుందని మానుకున్నాను.

నరహరిరావు నాలుగో రోజుకే పట్టుకొచ్చాడు. పట్టు దారంతో కుట్టిన ఫైలు. ఐదో గడిలో "పూర్వజన్మ నుంచి" అని ఉంది. అబద్ధాల గడిలో "లేవు" అని ఎర్ర సిరాతో రాసి కింద గీత గీశాడు.

"సూపరింటెండెంటు గారూ, నా జీవితం తెరిచిన పుస్తకం. నేను ఎవరి మనిషినీ కాను. నాకు నేనే తప్ప వేరే నాయకుడు లేడు. ఈ దేశంలో ఈ మాట అనగలిగినవాళ్లు ఎందరున్నారో మీరే లెక్కపెట్టి చూడండి" అన్నాడు.

స్వతంత్రతకు ఆధారంగా రెండు ధ్రువపత్రాలు జత చేశాడు. మా సంఘంలో రెండు వర్గాలున్నాయి. హాలుకున్న నాలుగు కిటికీలూ తెరిచి ఉంచాలనేది ఒక వర్గం, మూసి ఉంచాలనేది రెండో వర్గం. ఇరవై ఏళ్ల నుంచి మాటల్లేవు. తెరిచే వర్గం "ఈయన మా మనిషి కారు" అని ధ్రువీకరించింది. మూసే వర్గం కూడా అచ్చం అదే మాట ధ్రువీకరించింది. తాను గెలిస్తే కిటికీలు శాశ్వతంగా తెరిపిస్తానని మొదటివాళ్లకూ, శాశ్వతంగా మేకులు కొట్టిస్తానని రెండోవాళ్లకూ ఆయన మాటిచ్చినట్టు నాకు తర్వాత తెలిసింది. అది ఫైల్లో లేదు కనుక పరిశీలించలేదు.

రెండు పత్రాలూ నరహరిరావు చేతిరాతే. తెలియనివాళ్లు దీన్ని తప్పుపడతారు. సర్టిఫికెట్టు కావలసినవాడే దాన్ని రాసుకుని తీసుకువెళ్లాలి, ఇచ్చేవాడు సంతకం పెట్టాలి. మా ఉద్యోగాల్లో ఇది తరతరాల పద్ధతి. "నువ్వే రాసుకురావోయ్, పెడతాను" అనని ఆఫీసరు కింద నేనెప్పుడూ పనిచేయలేదు. నా మంచి నడవడికకు నేను చేరిన రోజున ఇచ్చిన ధ్రువపత్రం నేను రాసుకున్నదే. చాలా బాగా వచ్చింది, ఇప్పటికీ దాచుకున్నాను.

ఆ లెక్కన నరహరిరావు మా కమిటీ ఇవ్వవలసిన నిజాయితీ ధ్రువపత్రం కూడా తానే రాసి తెచ్చాడు. కింద నాలుగు షరతులు పెట్టాడు. ఎందుకండీ షరతులు అన్నాను. "షరతుల్లేని ధ్రువపత్రాన్ని ఎవరూ నమ్మరు" అన్నాడు. ఎంత పద్ధతి తెలిసిన మనిషి అని ముచ్చటేసింది.

వరహాలమ్మ ఫారం మర్నాడు వచ్చింది. తొమ్మిదో గడి సరిపోలేదని మూడు తెల్లకాగితాలు అంటించింది. "మా గదికొచ్చే పైడమ్మకి బీపీ నూట తొంభై ఉంటే నూట నలభై అని చెప్పి ఆటో ఎక్కించాను. ఆసుపత్రి గేటు దగ్గర నిజం చెప్పాను. మా ఆయన పెట్టిన పులుసు బాగుందని ఇరవై రెండేళ్లు చెప్పాను. సూపరింటెండెంటు గారు తానెలా ఉన్నానని అడిగితే కుర్రాడిలా ఉన్నారని రెండుసార్లు చెప్పాను." ఇంకా చాలా ఉన్నాయి కానీ మూడోది చదివాక నేను కాసేపు మంచినీళ్లు తాగాను.

ఆధారపడటం గడిలో "అవును" అని రాసి జాబితా ఇచ్చింది. మెట్లెక్కించే కోడలు, పాలు పోసే రావులమ్మ, ఆడవాళ్ల కాగితాలు జిల్లా ఆఫీసులో ఇచ్చి వచ్చే బస్సు కండక్టరు. ఒక్క ధ్రువపత్రం కూడా జతపరచలేదు. అడిగితే, "ఎవుల్ని అడుగుతాం బాబూ? నాను మంచిదాన్నని రాసియ్యమంటే సిగ్గు కాదేటి" అంది.

కాగితాల మీద ఆధారపడి తొందరపడకూడదని, క్షేత్రస్థాయి విచారణ కూడా జరపాలని అప్పన్న పట్టుబట్టాడు. అతను సర్వీసంతా పొలాల గట్ల మీద తిరిగినవాడు, చూడనిదే నమ్మడు. అభ్యర్థుల ఇళ్ల అరుగుల మీద ఒక్కో గొడుగు మర్చిపోయినట్టు వదిలిపెట్టి, ఏం జరుగుతుందో రాసుకోవాలని నిర్ణయించాం. రెండూ నల్ల గొడుగులు, పిడికి సంఘం పేరున్న చీటీ కట్టాం. రెండోదానికి ఒక ఊచ విరిగి ఉంది, అది నాది.

నరహరిరావు ఇంటి దగ్గర వదిలిన గొడుగు నలభై నిమిషాల్లో వచ్చింది. ఆటోకి మైకు కట్టించి, పూలదండ వేసిన గొడుగును ముందు సీట్లో కూర్చోబెట్టి, ఊరంతా తిప్పి తెచ్చాడు. కేబులు టీవీ అబ్బాయి వెనకాలే స్కూటరు మీద వచ్చాడు. "దారి తప్పిన గొడుగును దాని ఇంటికి చేర్చిన నిజాయితీ" అని మైకులో చెప్పారు. గొడుగు మాత్రం మెరూన్ రంగుది, అంచుకి చిన్న పువ్వులున్నాయి.

వరహాలమ్మ ఇంటి దగ్గరి గొడుగు రెండు రోజులైనా రాలేదు. ఎండలో పైడమ్మ నడిచి వెళుతుంటే ఇచ్చి పంపిందట. మూడో రోజున, విరిగిన ఊచ బాగుచేయించి మరీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

అప్పన్న నివేదిక ఇలా సమర్పించాడు: "మొదటి అభ్యర్థి విషయమై గొడుగు తిరిగి వచ్చినది. గొడుగు రంగు ఈ విచారణ పరిధిలోకి రాదు. రెండవ అభ్యర్థి విషయమై గొడుగు ఆలస్యముగా వచ్చుటయే గాక యథాస్థితిలో రాలేదు. అనుమతి లేకుండా మరమ్మతు చేయబడియున్నది. తగు నిర్ణయము నిమిత్తము సమర్పించడమైనది."

ఇక నిర్ణయానికి ఇబ్బంది లేదు. ఒక అభ్యర్థి తాను అబద్ధాలాడలేదని రాతపూర్వకంగా తెలిపారు. ఇంకొకరు ఆడానని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఒప్పుకున్న తప్పుకు సాక్ష్యం అక్కర్లేదు. మార్చి ఇరవయ్యో తేదీన వరహాలమ్మ నామినేషన్ తిరస్కరించి, నరహరిరావు తెచ్చిన ధ్రువపత్రం మీద సంతకం పెట్టి, సీలు వేసి, ఆయన ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించాను.

వరహాలమ్మ వెనక గదిలోంచి లేచి వచ్చింది.

"అయితే సూపరింటెంటు గారూ, నానెప్పుడూ అబద్ధం ఆడలేదని అబద్ధం రాసుంటే నెగ్గిపోదునేటి?"

"నిబంధనల ప్రకారం అంతేనమ్మా."

"సరే బాబూ, ఎవులు నెగ్గితే నాకేటి. ముప్ఫై ఒకటిని ఆయన చేత సంతకం పెట్టించీండి. హాలు పోతే మా ఆడోళ్లు రోడ్డు మీద పడతారు" అంది. అది నా పూచీ అన్నాను. నిజంగానే అన్నాను, ఆ మాట గుర్తుంది.

ముప్ఫై ఒకటిన మూడు గంటలకు నలుగురం మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా ఎనిమిది పేజీల ఒప్పందం తీసి, పెన్ను మూత కూడా తీసి నరహరిరావు ముందు పెట్టాడు. ఆయన ఉత్తరీయం సర్దుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. చదవకుండా సంతకం పెట్టని మనుషులంటే నాకు గౌరవం. మూడు ముప్పావుకి ఐదో పేజీ దగ్గర ఆగాడు.

"ఇందులో 'సంఘాధ్యక్షుడు మునిసిపాలిటీ నిబంధనలకు లోబడి' అని ఉంది."

"అవునండి, అందరికీ అలాగే ఉంటుంది" అన్నాడు గుమాస్తా.

"అందరూ వేరు, నేను వేరు. నేను స్వతంత్రుణ్ని. నా ధ్రువపత్రం నాలుగో షరతు చూడండి. 'సదరు వ్యక్తి ఎవరికిని లోబడి ఎట్టి పత్రము మీదను సంతకము చేయరాదు. చేసినచో ఈ ధ్రువపత్రము రద్దగును.' ధ్రువపత్రం రద్దయితే నా ఎన్నిక రద్దవుతుంది. ఎన్నిక రద్దయితే నా సంతకం చెల్లదు. చెల్లని సంతకం పెట్టి మిమ్మల్ని మోసం చెయ్యమంటారా? నా నిజాయితీ ఒప్పుకోదు."

ధ్రువపత్రం తీసి చూశాను. షరతు ఉంది. దాని కింద నా సంతకం ఉంది, సీలు కూడా తిన్నగా పడింది. తర్కంలో ఎక్కడా పగులు లేదు.

"సంతకం పెట్టీండి బాబూ, మీ కాళ్లు పట్టుకుంటాను" అంది వరహాలమ్మ.

"అమ్మా, నా సంతకం నా సొంతం కాదు. నన్ను నమ్మిన ప్రజలది. నాలుగో షరతుపై ఎన్నికల అధికారి స్పష్టత ఇచ్చినట్లయితే ఇప్పుడే పెడతాను" అన్నాడు ఆయన, అక్కడికక్కడే నాకు ఒక లేఖ రాసిచ్చాడు.

లేఖ వచ్చిందంటే నంబరు పడాలి. వేశాను. వరండాలో కూర్చుని నోటు రాసి అప్పన్నకు పంపాను. అప్పన్న నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. చదివి, "చర్చించవలెను" అని రాసి నాకు తిప్పి పంపాడు. చర్చించాం. లోబడటం, కట్టుబడటం ఒకటేనా కాదా అన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. నాలుగూ యాభైకి వరహాలమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆ నాలుగోది కొట్టీండి సూపరింటెంటు గారూ. మీరు పెట్టిన సంతకమే గదా. ఒక్క గీత."

పెన్ను నా చేతిలోనే ఉంది. కానీ సంతకమైన కాగితంలో కొట్టివేత ఉండకూడదు. ముప్ఫై నాలుగేళ్లలో నా ఫైళ్లలో ఒక్క కొట్టివేత లేదు, ఆ సంగతి నా వీడ్కోలు సభలో కూడా చెప్పారు. ఆ మాటే ఆవిడతో అన్నాను. అన్నప్పుడు గర్వంగా ఉంది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

గోడ గడియారం ఐదు కొట్టింది. గుమాస్తా ఒప్పందం బీరువాలో పెట్టి తాళం వేశాడు.

వారం తిరక్కుండా హాలుకు కొత్త బోర్డు పడింది. టిఫిన్ సెంటరు. కిటికీలు నాలుగూ ఊడబీకి ఆ మేరకు గోడ పగలగొట్టి కౌంటరు పెట్టారు. ఇరవై ఏళ్ల వర్గ వివాదం ఆ విధంగా పరిష్కారమైంది. మా పేపరు స్టాండు, కుర్చీలు, వెనక గదిలోని బీపీ చూసే బల్ల రోడ్డు పక్కన ఉన్నాయి. పైడమ్మ, మరో పదిమంది ఆడవాళ్లు ఆ బల్ల చుట్టూ నీడ వెతుక్కుంటూ నిలబడ్డారు.

ఆ రోజు పదకొండు గంటలకు అత్యవసర సర్వసభ్య సమావేశం. హాలు లేదు కనుక హాలు ఎదురుగా రోడ్డు మీదే పెట్టాం. అధ్యక్షుడు ఒక కుర్చీ ఎక్కి, ఏ ప్రశ్న అడిగినా నిజమే చెబుతానని ప్రకటించాడు. వరహాలమ్మ ముందుకు వచ్చింది.

"నరహరిరావు బాబూ, ఈ టిఫిన్ సెంటరు ఎవులది?"

"నా బావమరిదిది" అన్నాడు ఆయన వెంటనే.

ఎవరో వెనకనుంచి "దాచుకోకుండా చెప్పాడు, మనిషంటే అలా ఉండాలి" అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి.

"హాలు కోసం ఆయన ఎప్పుడు దరఖాస్తు పెట్టాడు?"

"జనవరి పదోతారీఖున. దరఖాస్తు రాసిచ్చింది నేనే."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా వచ్చాయి. ఇంత నిజాయితీ ఈ ఊళ్లో ఇంతకుముందు ఎవరూ చూడలేదని తెరిచే వర్గం అంది. మూసే వర్గం ఇరవై ఏళ్లలో మొదటిసారి వాళ్లతో ఏకీభవించింది.

"మరి ముందే సెప్పలేదేటి?"

"ఎవరూ అడగలేదు కదమ్మా. ఫారంలో నలభై ఒక్క గడులున్నాయి, అన్నీ నింపాను. ఈ సంగతి రాయడానికి గడి లేదు."

సభలో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. ఫారం తయారుచేసింది నేను. పుట్టుక నుంచి మొదలుపెట్టి నలభై ఒకటో గడి దాకా అన్నీ అడిగాను. హాలు మీకేమైనా కావాలా అని అడగడం తట్టలేదు. వరహాలమ్మ బల్ల మీది బీపీ మిషను చంకన పెట్టుకుని, "రండర్రా, అలా నీడకెళ్దాం" అని ఆడవాళ్లను తీసుకుని నడిచింది. ఎటు వెళుతున్నారో ఆవిడకూ తెలిసినట్టు లేదు. పోయి ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

అంతలో నరహరిరావు కుర్చీ దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఉన్నది ఉన్నట్టు బహిరంగంగా ఒప్పుకున్నందుకు సంఘం తరఫున ఒక ప్రశంసాపత్రం ఇస్తే బాగుంటుందని సభ్యుల అభిప్రాయం. మీకు శ్రమ ఎందుకని రాసి తెచ్చాను" అన్నాడు. కాగితం చక్కటి చేతిరాతతో ఉంది, కింద నా పేరు కూడా ఉంది. చదివాను. ఒక్క తప్పు లేదు. జేబులోంచి పెన్ను తీశాను. కూర్చుని పెడదామంటే హాలు లేదు, రోడ్డు మీద నిలబడే సంతకం పెట్టాను.